యూనివర్సిటీ చదువుకు ఏ స్క్రీన్? 1920×1200తో పీజీ, పరిశోధన చేశాక నా మాట

పాలమూరు యూనివర్సిటీలో క్లాసులు మొదలయ్యే రోజుల్లో జూనియర్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "అక్కా, ఫుల్ హెచ్‌డీ సరిపోతదా, టూకే తీసుకోవాల్నా?" అంటే స్క్రీన్ మీద ఎన్ని చుక్కలు (పిక్సెళ్లు) ఉండాలన్నది, అదే రిజల్యూషన్, వాళ్ల సందేహం. ఫుల్ హెచ్‌డీ అంటే 1920×1080, టూకే అంటే అంతకు ఎక్కువ చుక్కలున్నది. ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత అన్నవి నలుగురినీ అడిగి తెలుసుకునే వస్తారు. స్క్రీన్ దగ్గరికి వచ్చేసరికి షాపువాళ్లు చూపించిందే తీసుకుంటారు. చదువు అయిపోయేదాకా కళ్లు పెట్టి చూడాల్సింది ఆ స్క్రీన్‌నే కాబట్టి, అడిగినవాళ్లను నేను ఒక్క మాటతో పంపించను.

నా జవాబు ముందే చెప్తాను. 14 అంగుళాల లాప్‌టాప్‌లో 1920×1200 (అడ్డంగా 1920, నిలువున 1200 పిక్సెళ్లు) తీసుకోండి. అది మీ బడ్జెట్‌లో దొరక్కపోతే 1920×1080. అంతకు తక్కువ మాత్రం ఎవరు ఎంత చవగ్గా ఇస్తామన్నా వద్దు. అంతకు ఎక్కువ, చదవడం రాయడం వరకే అయితే, అవసరం లేదు.

డిగ్రీ అంతా అన్నయ్య వాడి ఇచ్చిన 15.6 అంగుళాల లాప్‌టాప్ మీదే చదివాను. దాని స్క్రీన్ 1366×768. పీజీలో చేరినప్పుడు 14 అంగుళాల, 1920×1200 ఐపీఎస్ (పక్క నుంచి చూసినా రంగులు మారని రకం) స్క్రీన్ ఉన్నది కొనుక్కున్నాను. పీజీ ప్రాజెక్టు, ఆ తర్వాత పరిశోధన, మధ్యలో పోటీ పరీక్షల చదువు అన్నీ దీని మీదే నడిచాయి. నా పని పాలమూరు వలసల గురించి. ఎక్సెల్ పట్టికలు చూడాలి, స్కాన్ చేసిన పాత రిపోర్టులు చదవాలి, ఊళ్లలో రికార్డు చేసుకొచ్చిన మాటలను తెలుగులో టైపు చేసుకోవాలి. వీడియో ఎడిటింగ్, గేమ్స్ నాకు లేవు. అవి ఉన్నవాళ్ల లెక్క వేరు.

ముందు స్క్రీన్ ఎత్తు సంగతి, నా పట్టికలతోనే చెప్తాను. 2011 జనాభా లెక్కల్లో మహబూబ్‌నగర్ అంటే పాత ఉమ్మడి జిల్లా, 64 మండలాలు. 2016లో నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వేరు జిల్లాలయ్యాయి, 2019లో నారాయణపేట వేరయింది. షాద్‌నగర్ వైపు మండలాలు రంగారెడ్డిలోకి, కొడంగల్ వైపువి వికారాబాద్‌లోకి పోయాయి. వలసల లెక్క తీసేవాళ్లు ఏ మండలం ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో చూసుకుంటూ ఆ 64 వరుసలను మళ్లీ మళ్లీ సరిచూసుకోవాలి. పాత స్క్రీన్‌లో పైన ఎక్సెల్ మెనూలు, కింద టాస్క్‌బార్ పోగా ఒక్కసారికి ఇంచుమించు పాతిక వరుసలే కనబడేవి. పైకీ కిందికీ జరుపుకుంటూ పోతే ఎక్కడ ఉన్నామో మర్చిపోతాం. ఒక వరుస అంకె ఇంకో వరుసలో పడిందంటే ఆ పూటంతా దాన్ని వెతకడానికే పోతుంది. ఇప్పుడు 34 వరుసల దాకా కనబడుతున్నాయి. రెండు చూపుల్లో జిల్లా మొత్తం అయిపోతుంది.

ఈ ఎత్తు రెండు కారణాల వల్ల వచ్చింది. ఒకటి, నిలువున 768 పిక్సెళ్ల బదులు 1200 ఉండటం. రెండోది స్క్రీన్ ఆకారం. వెడల్పు, ఎత్తుల నిష్పత్తి చూస్తే 1920×1080 అంటే 16:9, 1920×1200 అంటే 16:10. అంకెల్లో 120 పిక్సెళ్ల తేడాయే కదా అనిపిస్తుంది. స్కేలు పెట్టి కొలిస్తే 14 అంగుళాల 16:9 స్క్రీన్ ఎత్తు 17.4 సెంటీమీటర్లు, 16:10 స్క్రీన్ ఎత్తు 18.8. పెద్దదనుకునే 15.6 అంగుళాల 16:9 స్క్రీన్ ఎత్తు కూడా 19.4 మాత్రమే. అంటే బ్యాగులో చిన్న లాప్‌టాప్ మోస్తూ కూడా పెద్దదానికి దగ్గరగా ఎత్తు దొరుకుతోంది. జడ్చర్ల నుంచో దేవరకద్ర నుంచో రోజూ బస్సులో నిలబడి వచ్చేవాళ్లకు ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు.

ఇక తెలుగు అక్షరాలు. నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, లాప్‌టాప్‌ల గురించి చెప్పేవాళ్లు ఎక్కువగా వదిలేసేదీ ఇదే. ఇంగ్లిష్ అక్షరానికి ఎత్తు కొంచెం ఉంటే చాలు. తెలుగులో అదే ఎత్తులో పైన గుడి, దీర్ఘం, మధ్యలో అక్షరం, కింద ఒత్తు, కొన్నిసార్లు రెండు ఒత్తులు ఇమడాలి. "రాష్ట్రం", "స్త్రీ" లాంటివి చూడండి. ప, ఫ, ద, ధ, థ, బ, భ, డ, ఢ: వీటి మధ్య తేడా ఒక చిన్న గీతో చుక్కో. పిక్సెళ్లు చాలకపోతే ముందు పోయేవి ఆ గీతలూ చుక్కలే.

దీనికి లెక్క కూడా ఉంది. స్క్రీన్ మీద పక్కపక్కన రెండు విండోలు పెట్టుకుని ఏ4 పేజీ చదువుతుంటే 14 అంగుళాల స్క్రీన్ మీద 12 పాయింట్ల అక్షరం సుమారు 8.5 పాయింట్లకు తగ్గిపోతుంది. ఆ సైజు అక్షరానికి అన్నయ్య లాప్‌టాప్ లాంటి స్క్రీన్ మీద, అంటే అంగుళానికి 100 పిక్సెళ్ల దగ్గర, వచ్చేది 12 పిక్సెళ్ల ఎత్తు. ఒత్తులూ గుడులూ అన్నీ ఆ పన్నెండులోనే సర్దుకోవాలి. 14 అంగుళాల 1920×1200లో అంగుళానికి 162 పిక్సెళ్లు, అదే అక్షరానికి 19 పిక్సెళ్లు. పాత దాని మీద ఇంటర్వ్యూలు టైపు చేసుకుని ప్రూఫ్ చూసుకునేటప్పుడు "ధ" ఉందో "థ" ఉందో తెలియక జూమ్ చేసి చూడాల్సి వచ్చేది. సాయంత్రానికి కళ్లు లాగేవి. కొత్తదాని మీద నిర్మలా యూఐ, గౌతమి రెండు ఫాంట్లూ జూమ్ లేకుండానే చదవగలుగుతున్నాను. పరీక్షల కోసం తెలుగు మీడియం పీడీఎఫ్‌లు చదివేవాళ్లు ఎంతో మంది ఉన్న మన జిల్లాల్లో స్క్రీన్ ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సింది ఇదేనని నా గట్టి నమ్మకం.

అయితే కొత్త స్క్రీన్ కొని "అంత పెట్టినా ఏమీ ఎక్కువ పట్టడం లేదు" అని బాధపడినవాళ్లను కూడా చూశాను. దానికి కారణం స్కేల్, అంటే అక్షరాలను, బటన్లను విండోస్ ఎంత పెద్దవి చేసి చూపించాలన్న సెట్టింగ్. విండోస్ చాలా లాప్‌టాప్‌లలో 150 శాతం పెట్టి ఇస్తుంది. 1920×1200ని 150 శాతం మీద వాడితే పనికి దొరికే చోటు 1280×800కి సమానం. వెడల్పులో పాత 1366 కంటే కూడా తక్కువ. అక్షరాలు నున్నగా కనిపిస్తాయి కానీ చోటు పెరగదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లేలోకి వెళ్లి స్కేల్‌ను 125 చేస్తే అది 1536×960 అవుతుంది. నేను వాడేది అదే. రాత్రి అలసిపోయినప్పుడు 150కి పెంచుకుంటాను, పట్టికల పని ఉంటే మళ్లీ దించుతాను. అక్షరాలు చిన్నగా ఉన్నాయని రిజల్యూషన్‌నే 1366×768కి తగ్గించేవాళ్లున్నారు. దయచేసి అలా చేయకండి. స్క్రీన్‌కు పుట్టుకతో ఉన్న పిక్సెళ్లకూ మీరు పెట్టిన అంకెకూ పొంతన కుదరక ప్రతి అక్షరం మసకబారుతుంది. మార్చాల్సింది స్కేల్‌ను.

మరి ఇంకా ఎక్కువ రిజల్యూషన్ ఎందుకు వద్దంటున్నాను? నా రూమ్మేట్ దగ్గర 14 అంగుళాల 2880×1800 ఓలెడ్ (ప్రతి పిక్సెల్ తనంతట తానే వెలిగే రకం) స్క్రీన్ ఉంది. పక్కపక్కన పెట్టి చూస్తే దాని మీద తెలుగు నిజంగా అచ్చు వేసిన కాగితంలా ఉంటుంది, కాదనను. అంగుళానికి 243 పిక్సెళ్లు మరి. కానీ తను వాడేది 200 శాతం స్కేల్ మీద. అంటే చోటు 1440×900, నాకంటే తక్కువే. స్కేల్ తగ్గిస్తే నాకంటే ఎక్కువ పడుతుంది కానీ అక్షరాలు కంటికి ఆనవు. ఇంకోవైపు నా స్క్రీన్‌లో 23 లక్షల పిక్సెళ్లుంటే తన దాంట్లో 51 లక్షలకు పైనే. వాటన్నిటినీ వెలిగించాలి, గ్రాఫిక్స్ చిప్ వాటన్నిటినీ నింపాలి. పైగా ఓలెడ్‌లో తెలుపు ఎంత ఎక్కువుంటే కరెంటు అంత ఎక్కువ తాగుతుంది. వర్డ్, పీడీఎఫ్, ఎక్సెల్ అన్నీ తెల్లటి పేజీలే. లైబ్రరీలో ప్లగ్ పాయింట్ కోసం ముందు లేచేది ఎప్పుడూ తనే. కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు అంత ఎక్కువ స్కేల్ మీద బటన్లను చిన్నవిగానో మసకగానో చూపిస్తాయి. ఫొటోగ్రఫీ, డిజైన్ చేసేవాళ్లకు అది మంచి స్క్రీనే. మిగతావాళ్లు ఆ డబ్బును 16 జీబీ ర్యామ్‌కు పెట్టుకోండి.

నల్గొండలో ఇంజనీరింగ్ చదువుతున్న మా చిన్నమ్మ కొడుకు 15.6 అంగుళాల 1920×1080 తీసుకున్నాడు. వాడు 100 శాతం స్కేల్ మీదే పెట్టుకుని ఒకవైపు కోడ్, ఇంకోవైపు పాఠం వీడియో చూస్తాడు. అంగుళానికి 141 పిక్సెళ్లే అయినా ఇంగ్లిష్ కోడ్‌కు అది ధారాళంగా సరిపోతుంది. హాస్టల్‌లో టేబుల్ మీది నుంచి కదలని లాప్‌టాప్ అయితే వాడి ఎంపికే సరి.

రిజల్యూషన్ ఒక్కటే చూసి కొంటే ఇంకోచోట దెబ్బ తింటారు. ఫుల్ హెచ్‌డీ అని రాసి ఉన్నవాటిలోనే టీఎన్ అనే చవక రకం ప్యానెల్ ఉన్నవీ వస్తాయి. మూత కొంచెం వాల్చితే రంగులు తిరగబడతాయి, పక్కన కూర్చున్నవాళ్లకు సరిగా కనబడదు. ఐపీఎస్ అయి తీరాలి. రెండోది స్క్రీన్ వెలుతురు, దాన్ని నిట్స్‌లో కొలుస్తారు. చవక వాటిలో 220, 250 నిట్స్ దగ్గర ఆగిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర వరండాలో నీడన కూర్చున్నా చుట్టూ ఎండ కొట్టొచ్చినట్టు ఉంటుంది, 250 నిట్స్ స్క్రీన్‌లో మీ ముఖమే కనబడుతుంది. నాది 300 నిట్స్, పైన మెరుపు లేని మ్యాట్ పూత. కిటికీ పక్కన ఇబ్బంది లేదు, చెట్టు కింద మాత్రం వెలుతురు పూర్తిగా పెంచాల్సిందే. 400 ఉన్నది అందుబాటు ధరలో దొరికితే ఇంకా ఎక్కువ రిజల్యూషన్ కోసం తన్నుకోకుండా అది తీసుకోండి. రంగులు మాత్రం నా దాంట్లో కొంచెం వెలిసినట్టే ఉంటాయి. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ రకం అది, అంటే తక్కువ రంగులే చూపించగలది. ఫోన్‌లో చూసిన ఫొటో ఇందులో పాలిపోయి కనిపిస్తుంది. అలాంటి పని నాకు లేదు కాబట్టి సర్దుకున్నాను.

ప్రొజెక్టర్ గురించి ఒక్క మాట. పాత ప్రొజెక్టర్లు చాలావరకు 1024×768. డూప్లికేట్ మోడ్‌లో (లాప్‌టాప్‌లో ఉన్నదే తెర మీదా కనబడేలా) కలిపితే లాప్‌టాప్ కూడా ఆ అంకెకు దిగిపోయి సెమినార్ మధ్యలో అంతా చిందరవందర అవుతుంది. విండోస్ బటన్‌తో పాటు పీ నొక్కి ఎక్స్‌టెండ్ ఎంచుకుంటే మీ స్క్రీన్ మీ రిజల్యూషన్‌లోనే ఉంటుంది, నోట్స్ మీకే కనబడతాయి. వైవా రోజున టెన్షన్ తగ్గించే చిన్న పని ఇది.

కొనడానికి మహబూబ్‌నగర్‌లో చూసినా, కాచిగూడ రైలెక్కి సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి పోయినా, ఒక పెన్‌డ్రైవ్‌లో మీరు రోజూ చదివే తెలుగు పీడీఎఫ్, ఒక పెద్ద ఎక్సెల్ పట్టిక వేసుకుని వెళ్లండి. షాపులో వాళ్లు పెట్టే రంగురంగుల వీడియో మీద అన్ని స్క్రీన్లూ బాగుంటాయి. మీ పీడీఎఫ్‌ను సగం స్క్రీన్‌లో తెరిచి, స్కేల్ 125 పెట్టించి, ఒక మోచేతి దూరం వెనక్కి జరిగి చదవండి. ఒత్తులు తెలుస్తున్నాయా చూడండి. తర్వాత లాప్‌టాప్‌ను షాపు గుమ్మం దగ్గరికి తీసుకొచ్చి బయటి వెలుతురులో ఇంకోసారి చూడండి. మొహమాటపడకండి, అది మీ ఇంటివాళ్లు కష్టపడి ఇచ్చిన డబ్బు.

ఒకే మోడల్ పేరు మీద రెండు మూడు రకాల ప్యానెళ్లు అమ్ముతారు. అందుకే బాక్సు మీద ఉన్న పూర్తి మోడల్ కోడ్‌ను కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి వివరాలు సరిచూసుకోండి. ఉత్త "హెచ్‌డీ" అని మాత్రమే ఉంటే అది 1366×768. "ఎఫ్‌హెచ్‌డీ" అంటే 1920×1080. "డబ్ల్యూయూఎక్స్‌జీఏ" అని ఉంటే అది 1920×1200, నేను చెప్పింది అదే. ఆ పక్కనే ఐపీఎస్, నిట్స్ ఎంత అన్నవి కూడా కనిపించాలి. కనిపించకపోతే బిల్లు వేయించే ముందే అడగండి.