పాత ల్యాప్‌టాప్‌ను బాగుచేసుకోవాలా, కొత్తది కొనాలా: ఏది మేలు?

బటన్ నొక్కి, మొహం కడుక్కుని వచ్చి కూర్చున్నా ఆ చుక్కలు ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి, తీరా డెస్క్‌టాప్ కనిపించాక ఒక ఫోల్డర్ తెరుచుకోవడానికి మరో నిమిషం పడుతుంది. ల్యాప్‌టాప్ ఈ స్థితికి వచ్చిందని ఎవరికి చెప్పినా వచ్చే సలహా ఒకటే, "పాతదైపోయింది, కొత్తది కొనెయ్" అని. నేను ఒప్పుకోను. వయసు చూసి తేల్చే విషయం కాదిది. మా ఇంట్లోనే రెండు ల్యాప్‌టాప్‌లు ఇలా మొరాయించాయి. ఒకటి నాది, 2018లో కొన్నది. రెండోది మా చెల్లిది, నాదాని కంటే రెండేళ్లు చిన్నది. చివరికి నా పాతది నిలబడింది, దాని కంటే కొత్తదాన్ని పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆ రెండింటికీ తేడా ఎక్కడ వచ్చిందో తెలిస్తే మీ ల్యాప్‌టాప్ సంగతి మీరే తేల్చుకోవచ్చు.

ముందు అది ఎక్కడ ఇరుక్కుంటోందో చూడాలి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో పెర్ఫార్మెన్స్ పేజీ తెరిచి పెట్టుకుని రోజూ చేసే పనులే ఒక పావుగంట చేయండి. డిస్క్ ఊరికే 100 శాతానికి పోయి అక్కడే కూర్చుంటోందా, మెమరీ, అంటే ర్యామ్, 90 దాటుతోందా, లేక సీపీయూ, అంటే ప్రాసెసర్, 100 మీదే ఉంటోందా? మొదటి రెండూ అయితే మార్చుకోగలిగిన రోగాలు. మూడోది అయితే చాలావరకు మందు లేదు, ఎందుకంటే ఈ పదేళ్లలో వచ్చిన ల్యాప్‌టాప్‌లలో దాదాపు అన్నింటికీ ప్రాసెసర్‌ను మదర్‌బోర్డుకే అతికించేశారు, విడిగా తీసి వేరేది పెట్టే వీలు లేదు.

అదే పేజీలో మెమరీ మీద నొక్కితే ఇంకో ముఖ్యమైన సంగతి తెలుస్తుంది. ఎన్ని స్లాట్లు ఉన్నాయి, ఎన్ని వాడారు అని ఉంటుంది, దాని పక్కనే ఫామ్ ఫ్యాక్టర్ అని ఉంటుంది. అక్కడ సోడిమ్ అని ఉంటే ర్యామ్ విడిగా ఉండే స్టిక్ అన్నమాట, తీసి మార్చొచ్చు. రో ఆఫ్ చిప్స్ అని ఉంటే చిప్పుల్ని బోర్డు మీదే అతికించినట్టు, కొన్నప్పుడు ఎంత ఉందో చివరిదాకా అంతే. ఒక్కోసారి ఇది తప్పు కూడా చూపిస్తుంది కాబట్టి కొనేముందు మోడల్ నంబరు పెట్టి సర్వీస్ మాన్యువల్ ఒకసారి చూసుకోండి, లేదంటే మూత విప్పి కళ్లతో చూడండి.

నా దాంట్లో ఉన్న ప్రాసెసర్ ఇంటెల్ ఐ5 8250యూ, నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు). దానికి 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్ పెట్టి అమ్మారు, అసలు ఇబ్బందంతా అక్కడే. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 10, 15 దాటేది కాదు, డిస్క్ మాత్రం ఎప్పుడు చూసినా 100. ఆ డిస్క్ నిమిషానికి 5400 సార్లు తిరిగే రకం, ఏదైనా ఒక చిన్న ఫైలు కావాలంటే లోపల ఉన్న హెడ్ జరిగి, పళ్లెం తిరిగి, ఆ చోటు దాని కిందకి వచ్చేదాకా ఆగాలి. అలా సెకనుకు వంద చోట్ల నుంచి చదివితే గొప్ప. విండోస్ మొదలవ్వాలంటే వేల చిన్న చిన్న ఫైళ్లు కావాలి, ఇంక ఎంతసేపు పడుతుందో మీరే లెక్కేసుకోండి. డిస్క్ బదులు చిప్పుల్లో ఫైళ్లు దాచే ఎస్ఎస్‌డీలో తిరిగేదీ జరిగేదీ ఏమీ లేదు, అందుకే అదే చదువుడు సెకనుకు వేలల్లో, పదివేలల్లో చేసేస్తుంది.

విప్పడం గురించి చాలామందికి టెన్షన్ ఉంటుంది, నాకూ ఉండేది. వెనక మూతకు కనిపించేవి తొమ్మిది స్క్రూలు, అవి తీసినా మూత రాదు, రబ్బరు కాళ్ల కింద ఇంకో రెండు ఉన్నాయి. అంచుల్లో పాత ప్లాస్టిక్ కార్డు ఒకటి దూర్చి మెల్లగా లాగుతూ పోతే టక్ టక్‌మని ఒక్కో క్లిప్పూ ఊడింది. లోపల అన్నిటికంటే ముందు బ్యాటరీ కనెక్టర్ తీసేయాలి, ఇది మాత్రం మర్చిపోవద్దు. ఫ్యాన్‌కీ, వేడి బయటికి పోయే రాగి రెక్కలకీ మధ్య దుమ్ము దూదిపొరలా పట్టి ఉంది, వేలితో తీస్తే అట్టలా చేతికొచ్చింది. బరువైన హార్డ్ డిస్క్ తీసి, ఆ చోటే 2.5 అంగుళాల ఎస్ఎస్‌డీ పెట్టి, ఖాళీ స్లాట్లో 8 జీబీ ర్యామ్ స్టిక్ ఏటవాలుగా దూర్చి కిందికి నొక్కితే రెండు పక్కలా క్లిప్పులు పట్టుకున్నాయి. మొత్తం ముప్పావుగంట పని. అంతకుముందు డెస్క్‌టాప్ రావడానికి రెండున్నర నిమిషాలు పట్టేది, ఆ సాయంత్రం 20 సెకన్ల లోపే వచ్చింది, నేను నమ్మలేక మళ్లీ మళ్లీ ఆపి వేసి చూశాను.

ఇక చెల్లి ల్యాప్‌టాప్. సన్నగా, చూడ్డానికి నాదాని కంటే ఎంతో బావుంటుంది. నా దానికి పనిచేసింది దీనికీ పనిచేస్తుందనుకుని దాంట్లోనూ ఎస్ఎస్‌డీ పెట్టాం. మొదలవడం త్వరగానే మొదలైంది, కానీ ఆన్‌లైన్ క్లాసు ఒక పక్క, డాక్యుమెంట్ ఒక పక్క పెట్టగానే మళ్లీ మొదటికొచ్చింది. చూస్తే అందులో ఉన్న ప్రాసెసర్ ఇంటెల్ సెలెరాన్ ఎన్4020, రెండే కోర్లు, రెండే థ్రెడ్లు. వీడియో కాల్ ఒక్కటి పెడితేనే సీపీయూ 100కి చేరిపోయేది. ర్యామ్ 4 జీబీ, అదీ అతికించినది. ఇంక చేయడానికి ఏమీ మిగల్లేదు. అంటే 2017లో వచ్చిన ప్రాసెసర్ ఇంకా బాగానే లాగుతుంటే 2019లో వచ్చిన ప్రాసెసర్ చేతులెత్తేసింది. అందుకే వయసు చూడొద్దు అంటున్నాను. ప్రాసెసర్‌లో ఇంకా సత్తా ఉందా, మిగతావి విప్పి మార్చే వీలుందా అన్న రెండూ చూడండి చాలు.

బాగుచేసుకునే దారిలో దేనికి ఎంత ఫలితం ఉంటుందో కూడా తెలియాలి, అన్నీ ఒకటి కాదు. హార్డ్ డిస్క్ నుంచి ఎస్ఎస్‌డీకి మారడం అన్నిటికంటే పెద్ద మార్పు. ఇప్పటికే సాటా ఎస్ఎస్‌డీ (నేను పెట్టిన 2.5 అంగుళాల రకం) ఉంటే దాన్ని తీసి ఇంకా వేగమైన ఎన్‌వీఎంఈ రకం పెడితే లెక్కల్లో సెకనుకు 550 ఎంబీ కాస్తా 3,500 ఎంబీ అవుతుంది గానీ మామూలు వాడకంలో ఆ తేడా చేతికి పెద్దగా తెలియదు, దానికోసం డబ్బు పెట్టొద్దు. పాత వాటిలో చిన్న కార్డులాంటి ఎస్ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాట్ ఉన్నా కొన్నింటికి సాటా రకమే పడుతుంది, కొనేముందు చూసుకోవాలి. ర్యామ్ 4 నుంచి 8కి వెళ్తే బతుకు మారుతుంది, 8 నుంచి 16కి వెళ్తే ముప్పై ట్యాబ్‌లు తెరిచి పెట్టుకునే వాళ్లకి బాగా తెలుస్తుంది, అక్కడి నుంచి 32కి అంటే వీడియో ఎడిటింగ్ లాంటి పనులున్న వాళ్లకే. ర్యామ్‌లో డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 రకాలు ఒకదాని చోట ఒకటి పట్టవు, గాడి ఉండే చోటే వేరు. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, కాబట్టి ఎప్పుడో విన్న ధర మనసులో పెట్టుకుని లెక్కలు వేసుకోవద్దు, అవే చిప్పులు కొత్త ల్యాప్‌టాప్‌లలోనూ ఉంటాయి కనుక వాటి ధరల మీదా ఆ ప్రభావం ఉంటుంది.

బ్యాటరీ సంగతి వేరే చెప్పాలి. మామూలు ల్యాప్‌టాప్ బ్యాటరీ 300 నుంచి 500 సార్లు పూర్తిగా ఎక్కి దిగేసరికి మొదట ఉన్న సామర్థ్యంలో 80 శాతం దగ్గరికి పడిపోతుంది. విండోస్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీసే కమాండ్ ఉంది, అందులో తయారైనప్పుడు ఎంత పట్టేది, ఇప్పుడు ఎంత పడుతోంది అని రెండు అంకెలు పక్కపక్కన కనిపిస్తాయి. నా దాంట్లో 41 వాట్-అవర్లు ఉండాల్సింది 17కి వచ్చింది, ఛార్జర్ తీస్తే గంట కూడా రాదు, అయినా నేను ఎప్పుడూ టేబుల్ మీదే వాడతాను కాబట్టి ఏడాది దాకా మార్చలేదు. కానీ టచ్‌ప్యాడ్ ఒక పక్క పైకి లేచినట్టు ఉన్నా, క్లిక్ పడకపోయినా, మూత సరిగ్గా మూసుకోకపోయినా వెంటనే ఆపేయండి, లోపల బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. దాన్ని ఛార్జ్ చేయడం, నొక్కి సరిచేయాలని చూడటం, చెత్తబుట్టలో పడేయడం ఏదీ చేయొద్దు, మంటలు రావచ్చు. తెలిసినవాళ్లతో తీయించి ఈ-వేస్ట్‌కి ఇచ్చేయండి.

కొన్ని ల్యాప్‌టాప్‌లకు ఏ విడిభాగమూ అక్కర్లేదు కూడా. మొదటి పది నిమిషాలు బాగా పనిచేసి తర్వాత ఫ్యాన్ హోరెత్తి నెమ్మదిస్తోందంటే అది వేడి వల్ల, ప్రాసెసర్ 100 డిగ్రీల దగ్గరికి వెళ్లగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. దుమ్ము తీసి, ప్రాసెసర్ మీద పూసి ఎండిపోయిన థర్మల్ పేస్ట్ మార్చితే సరిపోతుంది.

మరి ఎప్పుడు కొత్తదే మేలు? మదర్‌బోర్డు పోతే ఆలోచించొద్దు, కొత్తదే. మూతను పట్టుకునే హింజ్ విరిగి దాని కింది ప్లాస్టిక్ కూడా ఊడిపోతే గమ్ పెట్టి అతికించినా నిలవదు, మూత తెరిచిన ప్రతిసారీ ఆ బరువంతా అక్కడే పడుతుంది. ఇక విండోస్ సంగతి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11 రావాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు ఉండాలి, ప్రాసెసర్ కూడా దాదాపుగా ఇంటెల్ అయితే 8వ తరం, ఏఎండీ అయితే రైజెన్ 2000 లేదా ఆ తర్వాతిది కావాలి. నాది 8వ తరం కాబట్టి గట్టెక్కింది, ఏడో తరమైతే ఇదే ఎస్ఎస్‌డీ, ఇదే ర్యామ్ పెట్టినా అక్కడితో ఆగిపోయేది. దొడ్డిదారిన ఎక్కించే పద్ధతులున్నాయి గానీ అలాంటి వాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు, బ్యాంకు పనులు చేసుకునే ల్యాప్‌టాప్‌లో నేనైతే ఆ పని చేయను. బ్రౌజర్, డాక్యుమెంట్లు, వీడియోలు ఇవే మీ వాడకమైతే విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసి చూడండి, ముందు పెన్ డ్రైవ్ నుంచే నడిపి చూసి నచ్చితేనే ఎక్కించుకోవచ్చు. ఆఫీసు సాఫ్ట్‌వేర్ విండోస్ మీదే నడుస్తుందంటే మాత్రం వేరే దారి లేదు.

డబ్బు దగ్గర అందరూ చేసే పొరపాటు ఖర్చుకు ఖర్చు పోల్చడం. ఏడాదికి ఎంత పడుతుందో చూడాలి. కొత్తదాని ధర 100 అనుకోండి, అది ఆరేళ్లు వస్తే ఏడాదికి 17. పాతదాని మీద 25 పెట్టి మూడేళ్లు నడిపితే ఏడాదికి 8, ఇక ప్రశ్నే లేదు. అదే పాతదానికి స్క్రీన్, బ్యాటరీ, కీబోర్డు అంటూ 45 అయ్యి, ఆపైన వచ్చేది రెండేళ్లే అయితే ఏడాదికి 22.5, కొత్తదే నయం. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు, ఈ నెల ఒకటి, మూడు నెలలకు ఇంకొకటి అని విడతలుగా పెడుతూ పోతారు, మొత్తం ఎంతైందో ఎప్పుడూ కూడరు. మొదటి రూపాయి పెట్టకముందే అవసరమైనవన్నీ ఒక కాగితం మీద రాసి కూడి చూసుకోండి. ఇంకొక మాట, ల్యాప్‌టాప్ వల్ల వాతావరణంలోకి చేరే కర్బన ఉద్గారాల్లో ఎక్కువ భాగం దాన్ని తయారు చేసేటప్పుడే వచ్చేస్తాయి, అందుకే రెండూ సరిసమానంగా ఉంటే నేను పాతదాని వైపే మొగ్గుతాను.

కొత్తది కొంటే దొరికేవి తక్కువేం కాదు. చాలావాటిలో బ్యాటరీ రోజంతా వస్తుంది, బరువు తగ్గుతుంది, వారంటీ ఉంటుంది, యూట్యూబ్ లాంటి వాటిలో ఇప్పుడు వాడుతున్న ఏవీ1 అనే వీడియో ఫార్మాట్‌ను చిప్పే నేరుగా విప్పేస్తుంది కాబట్టి ఫ్యాన్ అరవదు. రోజూ బ్యాగులో వేసుకుని తిరిగేవాళ్లకి ఇవన్నీ నిజంగా విలువైనవే. కానీ కొత్తది కదా అని అన్నిటికంటే చవకది తెస్తే, రెండు కోర్ల ప్రాసెసర్, అతికించిన 4 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ బదులు 64 జీబీ ఈఎంఎంసీ అనే నెమ్మది స్టోరేజ్ ఉన్నది చేతికొస్తుంది, అది విండోస్ 11 లిస్టులో ఉన్నా బాగుచేసిన పాతదాని కంటే నెమ్మదిగా నడుస్తుంది. మా చెల్లి విషయంలో జరిగింది అదే కదా.

అందుకని ఈసారి చెల్లి కోసం మూడో దారి పట్టాం. కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి వదిలేసిన థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ లాంటివి రీఫర్బిష్డ్‌గా, అంటే బాగుచేసి మళ్లీ అమ్మేవిగా, దొరుకుతాయి, గట్టిగా ఉంటాయి, చాలా మోడళ్లలో ర్యామ్, ఎస్ఎస్‌డీ విప్పి మార్చొచ్చు. తీసుకునేముందు బ్యాటరీ రిపోర్ట్ చూడండి, ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే బయోస్‌కు పాస్‌వర్డ్ ఏమీ లేదని నిర్ధారించుకోండి, కీబోర్డులో ప్రతి అక్షరం కొట్టి చూడండి, కొద్ది నెలలైనా వారంటీ రాయించుకోండి. చెల్లి దాంట్లోంచి తీసిన ఎస్ఎస్‌డీ కూడా వృథా కాలేదు, చిన్న యూఎస్‌బీ డబ్బాలో పెట్టి బ్యాకప్‌కు వాడుతోంది.

అదే నాకు నచ్చింది కూడా. ఇంత చదివినా ఎటూ తేల్చుకోలేకపోతే మొదట ఎస్ఎస్‌డీ ఒక్కటే పెట్టి రెండు వారాలు వాడి చూడండి, పాతది మారాల్సి వచ్చినా అది మీతో వస్తుంది. ర్యామ్ కొత్తదాంట్లో పట్టొచ్చు, పట్టకపోవచ్చు, బ్యాటరీ ఎలాగూ పట్టదు, వాటిని తర్వాత చూసుకోవచ్చు. ఎస్ఎస్‌డీ మార్చేముందు మాత్రం ఫొటోలు, ఫైళ్లు అన్నీ వేరేచోట ఒక కాపీ పెట్టుకోండి, డిస్క్‌లోని ఫైళ్లకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ కూడా కాగితం మీద రాసుకుని అప్పుడు స్క్రూడ్రైవర్ పట్టుకోండి.