లండన్‌లో పాత వెండి కొనబోయేవాళ్లకు

వీధి సంతలో పాతసామాన్లు అమ్మే ఒకతను "విక్టోరియా రాణి కాలం నాటి అసలు వెండి" అంటూ మాకో ఉప్పుగిన్నె 55 పౌండ్లకు అంటగట్టాడు. ఆ కోపం ఇంకా చల్లారలేదు. రాత్రి గదిలో మావారు దాని అడుగున పేరుకున్న నల్లటి మురికిని తుడిస్తే ఈపీఎన్ఎస్ అనే అక్షరాలు బయటపడ్డాయి. అంటే నికెల్ మిశ్రమం మీద కరెంటుతో వేసిన వెండి పూత. మళ్లీ వెళ్లి నిలదీస్తే "రసీదు ఉందా?" అన్నాడు. ఇవ్వని రసీదు ఎక్కణ్ణుంచి తెస్తాం? మావారు ఆ రోజంతా ముభావంగానే ఉన్నారు.

ఆయన మొహంలో నవ్వు చాన్సరీ లేన్‌లోని లండన్ సిల్వర్ వాల్ట్స్‌లోనే చూశాను. 1885లో విలువైనవి దాచుకునే ఖజానాగా మొదలైన నేలమాళిగ అది. మందపాటి ఇనుప తలుపుల వెనక ఒక్కో గది ఒక్కో కొట్టు. ప్రవేశ రుసుము లేదు, ఆదివారం మూసేస్తారు. ఒక పెద్దాయన మేం కొంటామో లేదో చూడకుండా భూతద్దం చేతికిచ్చి ముద్రలు చదవడం నేర్పారు. నడుస్తున్న సింహం ఉంటే 1000 పాళ్లలో 925 వెండి, దీన్నే స్టెర్లింగ్ వెండి అంటారు. చిరుతపులి తల ఉంటే లండన్‌లో వెండి నాణ్యత పరీక్షించారని గుర్తు. పక్కనున్న అక్షరం సంవత్సరం చెబుతుంది. రాజు తలో రాణి తలో ఉంటే 1784-1890 మధ్య పన్ను కట్టిన సరుకు. వెండి ఉప్పుగిన్నెలోపల నీలిగాజు గిన్నె ఎందుకు పెడతారంటే, తేమ తగిలిన ఉప్పు వెండిని తినేస్తుందట. అక్కడే చిన్న ఉప్పుగిన్నెల జత 140 పౌండ్లకు తీసుకున్నాం, రసీదుతో సహా.



విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి మాత్రం తప్పక వెళ్లండి, అదీ ఉచితమే. 1527-28లో పారిస్‌లో చేసిన బర్లీ నెఫ్ అక్కడుంది: నత్తగుల్లను ఓడ అడుగుగా పెట్టి, తెరచాపలూ తాళ్లూ వెండితో తీర్చారు. అంతా కలిపి ఒక ఉప్పుగిన్నె! అప్పటి విందుల్లో పెద్ద ఉప్పుగిన్నె ఇంటి యజమాని దగ్గరుండేది. దానికి ఎంత దగ్గరగా కూర్చోబెడితే అంత గౌరవం.

ముందు మ్యూజియం చూసి కన్ను అలవాటు చేసుకుని, ఆ తర్వాత కొట్లకు వెళ్లండి. ఎక్కడ కొన్నా రసీదు మీద "స్టెర్లింగ్ వెండి" అని రాయించండి. వ్యాపారి చెప్పిన సరుకు కాకపోతే 30 రోజుల్లోపు తిరిగిచ్చి డబ్బు అడిగే హక్కు అక్కడి చట్టంలో ఉంది.