కుక్కకి థర్మామీటర్: మూడేళ్ళు వాడాక

విజయనగరం గంటస్తంభం దగ్గర మెడికల్ షాపులో కొన్నా, మనుషులకి వాడే మామూలు డిజిటల్‌దే, కొన వంగే రకం. "ఏటే, ఇంట్లో మనుషులకి లేదు గానీ కుక్కకి కొన్నావా" అంది మా అమ్మ. మా బుజ్జిగాడు ఒక్కపూట ముద్ద ముట్టకపోతే చాలు నాకు నిద్రుండేది కాదు, గంటకోసారి లేచి ముక్కు తడుందా లేదా అని తడుముతూ కూర్చునేదాన్ని. ముక్కు చూసి జ్వరం చెప్పలేమని తర్వాత తెలిసింది లెండి.

మొదటిరోజే కామెడీ. 101.8 చూపించింది, నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు, రాత్రి పదకొండుకి డాక్టరుగారికి ఫోన్ చేస్తే ఆయన నవ్వి, కుక్కలకి 101 నించి 102.5 దాకా మామూలేనమ్మా, 103 దాటితే చెప్పు అన్నారు. డబ్బాలో కాగితంలో ఇవేం ఉండవు మరి.

తోక కింద పెట్టాలి, వేజ్‌లైన్ రాసి, ఇంకొకరు తల పట్టుకోవాలి. పది సెకన్లని డబ్బా మీద ఉంది, మా దగ్గర నలభై పడుతుంది, బీప్ అనగానే వాడు ఎగిరి దూకుతాడు. మార్కర్‌తో 'బుజ్జి' అని రాసి వేరే పెట్టా, ఎందుకో చెప్పక్కర్లేదు.

పోయినేడు సిరిమాను పండగ వారం, ఇంటినిండా చుట్టాలు, వీడు మంచం కింద నించి రాడు. చూస్తే 104.2. పక్కింటి పిన్ని పారాసిటమాల్ సగం ఎయ్యమ్మా అంది. ఫోన్లో అంకె చెప్పగానే డాక్టరుగారు పిడుదులున్నాయా, చిగుళ్ళు పాలిపోయాయా అని అడిగి, మనుషుల మాత్ర మాత్రం వెయ్యకు, పిల్లులకైతే ప్రాణాలే పోతాయి అన్నారు. పొద్దున్నే రక్తపరీక్ష, ప్లేట్‌లెట్లు పడిపోయాయి, పిడుదుల జ్వరమే, 28 రోజులు డాక్సీసైక్లిన్. రెండోరోజు సాయంత్రానికి 102కి దిగింది, అప్పుడు గానీ నాకు అన్నం దిగలేదు.

అలాగని పూర్తిగా నమ్మేయకండి. ఈ వేసవిలో కోడి ఎముక మింగి వాంతులు చేసుకుంటుంటే, 101.5యే కదా అని ఒక రోజంతా ఊరుకున్నా, మర్నాడు ఎక్స్‌రే తీయించి బాగా తిట్లు తిన్నా. అప్పట్నించి తిండి, నీళ్ళు, మోషన్, నిద్రలో నిమిషానికి ఎన్ని ఊపిర్లు (30 దాటకూడదట) అన్నీ నోట్‌బుక్‌లో రాస్తున్నా.

బటన్ బేటరీ రెండుసార్లు మార్చా. పాతది మాత్రం అందకుండా పారెయ్యండి, మా వాడు మింగనిదంటూ లేదు.