పేచీ నుంచి రాజీ దాకా: మూడు ఉచిత ఇంగ్లీషు నిఘంటువులు ఎంతవరకు పనికొస్తాయి?

నలుగురు కలిసి చేసే పనిలో ఇంగ్లీషు మొరాయించేది సాంకేతిక పదాల దగ్గర కాదు. ‘మీ ప్రతిపాదన మాకు సమ్మతం కాదు’ అని నొప్పించకుండా చెప్పాల్సి వచ్చినప్పుడు, తన వంతు పని చేయని మనిషి గురించి మేనేజరుకు రాయాల్సి వచ్చినప్పుడు, పాత గొడవ మరిచిపోదామని కబురు పెట్టాల్సి వచ్చినప్పుడు సరైన మాట దొరకదు. దొరికినా సందర్భానికి మించి ఘాటుగానో, మరీ చప్పగానో ఉంటుంది. ఇలాంటి చోట నిఘంటువు తెరిచేవాళ్ల కోసం ఈ సమీక్ష.

చూసినవి మూడు సైట్లు: లాంగ్‌మన్ డిక్షనరీ ఆఫ్ కాంటెంపరరీ ఇంగ్లీష్, ఆక్స్‌ఫర్డ్ లర్నర్స్ డిక్షనరీస్, కేంబ్రిడ్జ్ డిక్షనరీ. మూడూ ఉచితమే, మూడింటా ప్రకటనల బెడద ఉంది, మూడింట్లోనూ బ్రిటిష్, అమెరికన్ ఉచ్చారణలు వినొచ్చు. ఉచ్చారణ వినిపించే ఈ స్పీకర్ బొమ్మను చిన్నచూపు చూడొద్దు. గొడవ అనే అర్థంలో బ్రిటిష్ వాళ్లు వాడే చిన్న మాట ‘రౌ’. వరుస అనే అర్థంలో అదే స్పెల్లింగును ‘రో’ అంటారు. కళ్లతో చదివి నేర్చుకున్నవాళ్లలో చాలామంది రెండింటినీ ‘రో’ అనే పలుకుతారు.

తీర్పు ముందే చెప్పేస్తే: పొత్తు, పేచీ, రాజీ మాటల కోసం ఒక్కటే వాడతానంటే లాంగ్‌మన్ వాడండి. నుడికారాల కోసమైతే ఆక్స్‌ఫర్డ్. తొందరలో అర్థం చూసుకోవడానికి కేంబ్రిడ్జ్.

లాంగ్‌మన్ గురించి అందరూ చెప్పే మంచి మాట, అది సుమారు 2000 తేలిక పదాలతోనే అర్థాలన్నీ వివరిస్తుందని. అది నిజమే కానీ మనకు దాని అసలు విలువ వేరే చోట ఉంది. ఏ క్రియ పక్కన ఏ విభక్తి లాంటి చిన్న మాట రావాలో అది ముద్ద అక్షరాల్లో విడిగా చూపిస్తుంది. జట్టు మాటల్లో తెలుగువాళ్లు తడబడేది సరిగ్గా అక్కడే.

‘అగ్రీ’నే తీసుకోండి. మన ‘ఒప్పుకోవడం’ అన్నిటికీ సరిపోతుంది: మనిషితో ఒప్పుకుంటాం, షరతుకు ఒప్పుకుంటాం, తేదీ మీద ఒప్పుకుంటాం, తప్పు కూడా ఒప్పుకుంటాం. ఇంగ్లీషులో మనిషి అభిప్రాయంతో ఏకీభవిస్తే ‘అగ్రీ విత్’. అవతలివాళ్ల ప్రతిపాదనకు సరేనంటే ‘అగ్రీ టు’. ఇరుపక్షాలూ కలిసి ఒక నిర్ణయానికి వస్తే ‘అగ్రీ ఆన్’. తప్పు ఒప్పుకోవడానికి అసలు ఈ క్రియే పనికిరాదు, అక్కడ ‘అడ్మిట్’ కావాలి. ‘హి అగ్రీడ్ హిజ్ మిస్టేక్’ అనే వాక్యం మన ఆఫీసు మెయిళ్లలో విరివిగా కనబడడానికి కారణం ఇదే. లాంగ్‌మన్‌లో ‘అగ్రీ’ పేజీ తెరిస్తే ఈ తేడాలు ఉదాహరణలతో సహా కనిపిస్తాయి. కొన్ని ఉదాహరణ వాక్యాల పక్కన స్పీకర్ బొమ్మ నొక్కితే వాక్యమంతా వినిపిస్తుంది కూడా.

‘ఫైట్ విత్’ మరో గుంట. దానికి ఎదురు నిలిచి పోరాడడం, పక్కన నిలిచి పోరాడడం అనే రెండర్థాలూ ఉన్నాయి. తెలుగులో ‘వాళ్లతో పోరాడాం’, ‘వాళ్లతో కలిసి పోరాడాం’ అని ‘కలిసి’ చేర్చి తప్పించుకుంటాం. ఇంగ్లీషులో తప్పించుకోవాలంటే ‘ఫైట్ అగెనిస్ట్’ అనో, ‘ఫైట్ అలాంగ్‌సైడ్’ అనో రాయాలి. ‘స్టాండ్ అప్ టు’, ‘స్టాండ్ అప్ ఫర్’ జంట ఇంకా ప్రమాదం. మొదటిది ఎదిరించడం, రెండోది వెనకేసుకురావడం. ‘ఐ స్టుడ్ అప్ టు మై టీమ్ లీడ్’ అని రాస్తే ఆయన్ను సమర్థించినట్టు కాదు, ఆయన మీదికి లేచినట్టు. అలాగే ‘బ్యాక్ అప్’ అంటే వత్తాసు, ‘బ్యాక్ డౌన్’ అంటే పట్టు వదులుకోవడం, ‘బ్యాక్ అవుట్’ అంటే ఇచ్చిన మాట నుంచి జారుకోవడం. ఇవన్నీ లాంగ్‌మన్‌లో మూల క్రియ పేజీ చివర్లో ఒక వరసలో దొరుకుతాయి. పేజీ పైభాగం చూసి మూసేసేవాళ్లకు మాత్రం దొరకవు.

లాంగ్‌మన్‌లో మెచ్చుకోవాల్సిన మరో భాగం ‘థెసారస్’ బాక్సులు. ‘ఆర్గ్యుమెంట్’ లాంటి పేజీలో గొడవకు దగ్గరి మాటలను పక్కపక్కన పెట్టి ఒక్కో దానికి చిన్న వివరణ ఇస్తుంది. ‘డిస్‌అగ్రీమెంట్’ అభిప్రాయభేదం. ‘డిస్ప్యూట్’ సంస్థలో, యూనియన్‌లో, సరిహద్దుల దగ్గర నలిగే తగాదా. ‘ఫ్యూడ్’ ఏళ్ల తరబడి సాగే పగ. ఇద్దరు సహోద్యోగులు ఒక స్లైడ్ గురించి మాటామాటా అనుకుంటే దాన్ని ‘డిస్ప్యూట్’ అని రిపోర్టులో రాయడం చిన్న విషయాన్ని పంచాయితీకి ఎక్కించినట్టే. పదాల పక్కన ఎర్ర చుక్కలు, ‘ఎస్ 1’, ‘డబ్ల్యూ 1’ లాంటి గుర్తులు ఉంటాయి. ‘ఎస్ 1’ అంటే మాట్లాడే ఇంగ్లీషులో అత్యధికంగా వినిపించే మొదటి 1000 పదాల్లో ఒకటి, ‘డబ్ల్యూ 1’ అంటే రాతలో అదే స్థానం. ఈ గుర్తులు విడి పదాలకే తప్ప నుడికారాలకు ఉండవు. అది లోటే.

ఆక్స్‌ఫర్డ్ సైటుకు మూలమైన నిఘంటువుది సుదీర్ఘ చరిత్ర. ఎ.ఎస్. హార్న్‌బీ బృందం చేసిన మొదటి కూర్పు 1942లో జపాన్‌లో వెలువడింది. విదేశీ విద్యార్థి ఎక్కడ తప్పుతాడో తెలిసినవాళ్లు చేసిన పని కాబట్టి నుడికారాల దగ్గర ఇప్పటికీ దానిదే పైచేయి. ‘సీ ఐ టు ఐ’ని అది ‘నాట్’తో మొదలుపెట్టి చూపిస్తుంది. ఆ నుడి ఎక్కువగా ‘పొసగలేదు’ అని చెప్పడానికే వాడతారు కాబట్టి అదే సరైన పద్ధతి. ‘బెరీ ద హాచెట్’ పక్కనే ‘బెరీ యువర్ డిఫరెన్సెస్’ని కూడా ఇస్తుంది. మొదటిది ఉత్తర అమెరికా ఆదివాసీ తెగలు సంధి వేళ గొడ్డలిని పాతిపెట్టే ఆచారం నుంచి వచ్చింది. అధికారిక లేఖలో ఆ గొడ్డలి బరువనిపిస్తే రెండోది హాయిగా నప్పుతుంది. ఇలా ఒకే చోట రెండు మెట్లు చూపించడం చాలా ఉపయోగం.

ఆక్స్‌ఫర్డ్‌లో ఇబ్బంది వెతకడం దగ్గర. నుడికారాన్ని అది సాధారణంగా అందులోని మొదటి ముఖ్య పదం కింద పెడుతుంది. ‘బోన్ ఆఫ్ కంటెన్షన్’ (తగవుకు మూలమైన విషయం) కావాలంటే ‘బోన్’ కింద, పేజీ అడుగున ‘ఇడియమ్స్’ అనే భాగంలో చూడాలి. ఫోన్‌లో అక్కడిదాకా వేలితో జరుపుకుంటూ పోవడానికి ఓపిక కావాలి. అయితే ‘డిసప్రూవింగ్’, ‘ఇన్ఫార్మల్’, ‘హ్యూమరస్’ లాంటి గుర్తులు చూడడం మానవద్దు. తగవు మాటల్లో అర్థం కంటే ఆ గుర్తే ముఖ్యం.

బ్రిటిష్, అమెరికన్ తేడాలను సూచించడంలో మూడూ జాగ్రత్తగానే ఉన్నాయి. జట్టు పనిలో దీని అవసరం తెలియాలంటే ‘టేబుల్’ క్రియ చాలు. బ్రిటన్‌లో ఒక అంశాన్ని ‘టేబుల్’ చేయడమంటే చర్చకు పెట్టడం. అమెరికాలో అదే మాటకు అర్థం చర్చను వాయిదా వేయడం. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్, అమెరికన్ అధికారులు ఈ ఒక్క మాట మీద చాలాసేపు వాదులాడుకున్నారని, చివరికి ఇద్దరూ కోరుతున్నది ఒకటేనని తేలిందని చర్చిల్ తన యుద్ధ జ్ఞాపకాల్లో రాశారు. హైదరాబాదులో కూర్చుని మధ్యాహ్నం లండన్‌తో, రాత్రి డాలస్‌తో మాట్లాడేవాళ్లు ఈ క్రియ జోలికి పోకుండా ‘డిస్కస్’, ‘పోస్ట్‌పోన్’ అనడమే క్షేమం. ‘డిస్కస్’ పక్కన ‘అబౌట్’ పెట్టకండి.

కేంబ్రిడ్జ్‌కు వేగం అనుకూలం. చాలా నుడికారాలకు విడి పేజీ ఉంది, అర్థం రెండు వరుసల్లో అయిపోతుంది. ‘హ్యాండ్ ఇన్ గ్లవ్’కు ‘కలిసి పనిచేయడం, తరచూ మోసపు పని కోసం’ అని దాచకుండా చెబుతుంది. మన ‘కుమ్మక్కు’ అన్నమాట. వేరే శాఖతో మీ జట్టు చక్కగా కలిసి పనిచేస్తోందని పొగడబోయి ఈ నుడి వాడితే ఇద్దరి మీదా విచారణ వేయమన్నట్టు ఉంటుంది. చాలా పేజీల్లో ఉండే ‘స్మార్ట్ వొకాబులరీ’ బాక్సులో అదే అంశానికి చెందిన పదాల జాబితా కనిపిస్తుంది. వాదించుకోవడం, విభేదించడం అనే అంశానికి ఇలా పెద్ద గుంపే ఉంది. ఆలోచన మంచిదే, అమలు అరకొర. జాబితాలో అర్థాలు ఉండవు, ఘాటైనది ఏదో మెత్తనిది ఏదో తెలియదు, ఒక్కోటీ నొక్కి చూసుకోవాలి.

కేంబ్రిడ్జ్‌లో ఇంగ్లీషు–తెలుగు విభాగం కూడా ఉంది. విడి పదాలకు పరవాలేదు. నుడికారాలకు దాన్ని నమ్ముకోవద్దు. తెలుగు అర్థం చూసి ఇంగ్లీషు వాక్యం కట్టే అలవాటే ఈ రంగంలో ఎక్కువ దెబ్బతీస్తుంది. దీనికి ‘కాంప్రమైజ్’ని మించిన ఉదాహరణ లేదు. మనం ‘ఇద్దరూ కాంప్రమైజ్ అయ్యారు’ అంటే రాజీ పడ్డారని. దాన్నే ఇంగ్లీషులో ‘దే గాట్ కాంప్రమైజ్డ్’ అని రాస్తే వాళ్ల గుట్టు బయటపడిందనో, ఖాతాలు హ్యాకర్ల చేతిలో పడ్డాయనో చదువుతారు. కావాల్సింది ‘దే రీచ్డ్ ఎ కాంప్రమైజ్’. ‘ఇన్ ద సేమ్ బోట్’ కూడా ఇలాంటిదే. అది సహకారం గురించి కాదు, ఒకే కష్టంలో ఇరుక్కోవడం గురించి. కొత్త ప్రాజెక్టు మొదటి రోజున క్లయింటుతో ఆ మాట అనకండి.

మూడింటిలోనూ లేనివి రెండు. మొదటిది, ఏ మాట ఎవరు ఎవరితో అనొచ్చు అన్న మర్యాద. ‘పుల్ యువర్ వెయిట్’ అంటే తన వంతు బరువు మోయడం. జట్టు నాయకుడు అందరినీ కలిపి అంటే హెచ్చరిక. సాటి ఉద్యోగి ఒకరి పేరు పెట్టి మెయిల్లో రాస్తే ఫిర్యాదు. ‘త్రో సమ్‌వన్ అండర్ ద బస్’ అయితే నేరారోపణే: తన స్వార్థం కోసం తోటివాణ్ణి బలిపశువును చేశాడని. నిఘంటువు ‘ఇన్ఫార్మల్’ అని ముద్ర వేసి ఊరుకుంటుంది. అది చూసి తేలిక మాట అనుకునే ప్రమాదం ఉంది.

రెండోది, తెలుగు భావం నుంచి ఇంగ్లీషు నుడికి దారి. ‘కయ్యానికి కాలు దువ్వడం’ మనసులో ఉన్నవాళ్లకు ‘స్పాయిలింగ్ ఫర్ ఎ ఫైట్’ దొరకదు. ‘పుల్లలు పెట్టడా’నికి ‘స్టర్ అప్ ట్రబుల్’, ‘అగ్నికి ఆజ్యం పోయడా’నికి ‘యాడ్ ఫ్యూయల్ టు ద ఫైర్’ దగ్గరగా నప్పుతాయి. కానీ ‘గోడ మీద పిల్లి’కి ‘సిట్ ఆన్ ద ఫెన్స్’ పూర్తిగా సరిపోదు. ఇంగ్లీషు మనిషి కంచె మీద కూర్చుని ఏ పక్షమూ తీసుకోడు, అంతే. మన పిల్లి ఎటు లాభమో చూసుకుని అటు దూకుతుంది.

దారి లేదు కాబట్టి చుట్టుదారి ఒకటి. ముందు మీ భావానికి మామూలు ఇంగ్లీషు పదం రాసుకోండి, ‘క్వారల్’, ‘సపోర్ట్’, ‘బ్లేమ్’ లాంటిది. కేంబ్రిడ్జ్‌లో ఆ పదం తెరిచి కింది జాబితాలోంచి రెండు మూడు నుడులు ఏరుకోండి. వాటిని ఆక్స్‌ఫర్డ్‌లో చూసి, ‘డిసప్రూవింగ్’ గుర్తు ఉందో లేదో, ప్రాంతం తేడా ఉందో లేదో గమనించండి. మిగిలిన దాన్ని లాంగ్‌మన్‌లో తెరిచి పక్కన ఏ చిన్న మాట వస్తుందో చూడండి. ‘ఎట్ లాగర్‌హెడ్స్’ (బొత్తిగా పొసగకపోవడం)కు మనిషి ముందు ‘విత్’, గొడవపడే విషయం ముందు ‘ఓవర్’ వస్తాయని అక్కడే తేలుతుంది. ఐఎల్ట్స్ మాట్లాడే పరీక్షకు చదివేవాళ్లకు కూడా ఈ మూడో మెట్టే ముఖ్యం, ఎందుకంటే అక్కడ నుడి తెలియడంతో పాటు దాని పక్కన పడే మాటల పొందికనూ చూస్తారు.

వెతికేటప్పుడు సర్వనామాలతో జాగ్రత్త. ‘పుల్ హిజ్ వెయిట్’ అని కొడితే పేజీ రాకపోవచ్చు, ‘పుల్ యువర్ వెయిట్’ అని కొట్టండి. మనిషి పేరు వచ్చే చోట లాంగ్‌మన్, ఆక్స్‌ఫర్డ్ ‘సమ్‌బడీ’ అని, కేంబ్రిడ్జ్ ‘సమ్‌వన్’ అని రాస్తాయి. ‘టో ద లైన్’ (చెప్పిన మాట జవదాటకపోవడం) లాంటి వాటికి స్పెల్లింగ్ సరిచూసుకోండి: అది కాలి వేలి ‘టో’, బండిని లాగే ‘టో’ కాదు. గీత దాటకుండా కాలు పెట్టి నిలబడడం అని గుర్తుంచుకుంటే స్పెల్లింగూ అర్థమూ రెండూ తప్పవు.