డాలస్ వెళ్దామా, హైదరాబాద్‌లోనే ఉందామా?

మా పాపకి నాలుగేళ్లు, బాబుకి ఏడాదిన్నర. మా ఆయన్ని కంపెనీ హెచ్1బీ (అమెరికాలో ఉద్యోగం చేసే వీసా) మీద డాలస్ పంపిస్తానంటోంది. నెల రోజులుగా ఇంట్లో ఇదే మాట.

జీతం అక్కడే ఎక్కువ, నిజమే. కానీ నాది హెచ్4, అంటే హెచ్1బీ వాళ్ల భార్యాపిల్లలకిచ్చే వీసా అవుతుంది. ఆయన గ్రీన్‌కార్డు (అక్కడే స్థిరంగా ఉండే అనుమతి) దారిలో ఐ-140, అంటే కంపెనీ ఆయన కోసం పెట్టే దరఖాస్తు, ఆమోదం దాకా వస్తే తప్ప మామూలుగా నాకు పని చేసే అనుమతి రాదు. అంటే రెండు జీతాలు ఒకటవుతాయి. ఇక్కడ తొమ్మిదేళ్ల ఉద్యోగం నాది. పిల్లల్ని అత్తయ్య చూసుకుంటారు. అక్కడికి ఆవిడ విజిటర్ వీసా మీద వచ్చినా సాధారణంగా ఆరు నెలలే. ఆ తర్వాత బాబుని డేకేర్‌లో వేయాలి, ఆ ఖర్చు తలచుకుంటేనే టెన్షన్.

బడి విషయంలో మాత్రం డాలస్‌కే నా ఓటు. డాలస్ ఉన్న టెక్సాస్ రాష్ట్రంలో సెప్టెంబర్ 1 నాటికి అయిదేళ్లు నిండితే ప్రభుత్వ బడిలో కిండర్‌గార్టెన్ ఉచితం. ఇక్కడ మేం చూసిన బడుల్లో నర్సరీకే లక్ష దాటింది. తెలుగు పోతుందన్న బెంగ నాకు లేదు. డాలస్ దగ్గరి ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలో మనవాళ్లు చాలామంది ఉన్నారు, ఇంట్లో మనం మాట్లాడాలి అంతే.

నన్ను ఆపుతున్నది వేరే. ఉద్యోగ కోటా గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి ఉండటంతో మనవాళ్ల వరుస ఏళ్ల తరబడి కదలదు. ఈలోగా గ్రీన్‌కార్డు రాకపోతే, పిల్లలు 21 ఏళ్లు నిండాక మన వీసా మీద ఉండలేరు. అక్కడే పెరిగిన పిల్ల అప్పుడు సొంత వీసా వెతుక్కోవాలి.

అందుకే మూడేళ్లకైతే వెళ్దామన్నాను. పాప మూడో క్లాసుకల్లా వెనక్కి రావాలి. ఆయన సరేనన్నారు, అత్తయ్య ఇంకా ఏమీ అనలేదు.