ఆర్స్ యాత్ర: "నాకు అర్హత లేదు" అనుకునేవాళ్లు ఎక్కడ ఆగాలి, ఏది వదిలేయొచ్చు

కతోలిక గురువు (ఫాదర్) కావాలని దైవపిలుపు ఉందనిపిస్తుంది. గురువిద్యాలయం (సెమినరీ) దరఖాస్తు తీస్తే మాత్రం "నాలాంటివాడు పూజాపీఠం దగ్గర నిలబడటమా?" అనే బెంగ పట్టుకుంటుంది. ఆ బెంగతో ఉన్నవాళ్లకి ఫ్రాన్స్‌లోని లియాన్ చుట్టుపక్కల మూడు రోజులు చాలా మేలు చేస్తాయి. ఆగస్టు 4న మన విచారణల్లో (స్థానిక చర్చిల్లో) గురువులకి శుభాకాంక్షలు చెప్పుకుంటామే, ఆ పునీత జాన్ మరియ వియాన్నీ గారు తిరిగిన ఊళ్లివి.

మొదటి రోజు దార్దిల్లీ, ఎకుల్లీ. రెండూ లియాన్ శివార్లే, ఒక్క పూటలో అయిపోతాయి. 1786లో ఆయన పుట్టిన రైతు ఇల్లు దార్దిల్లీలో ఉంది. ఎకుల్లీలో బల్లే అనే గురువు ఆయనకి ఓపిగ్గా లాటిన్ నేర్పారు. చదువు నెమ్మది. 1809లో సైన్యంలోకి పిలిస్తే పటాలాన్ని అందుకోలేక, లే నోయే అనే కొండ ఊళ్లో ఏడాదికి పైగా దాక్కున్నారు. తర్వాత లియాన్ గురువిద్యాలయంలో లాటిన్‌లో అడిగిన ప్రశ్నలకి జవాబు చెప్పలేకపోయారు. అయినా 29 ఏళ్ల వయసులో, 1815 ఆగస్టు 13న గ్రెనోబుల్‌లో గురుపట్టాభిషేకం పొందారు. ఆయన తగునో తగడో చూసి నిర్ణయించింది పీఠం (బిషప్ పాలనలోని ప్రాంతం) పెద్దలు. ఇప్పటి శ్రీసభ (కతోలిక చర్చి) చట్టం 1029వ నియమం కూడా అభ్యర్థి విశ్వాసాన్ని, ఉద్దేశాన్ని, జ్ఞానాన్ని, నడవడిని, శరీర మానసిక స్థితిని తూచే పని బిషప్‌కో, మఠాధిపతికో అప్పగించింది. అభ్యర్థి చేయాల్సింది దాచకుండా చెప్పడం.

మిగతా రెండు రోజులూ ఆయన విచారణ గురువుగా పనిచేసిన ఆర్స్ ఊరికే ఇవ్వండి. లియాన్ పార్-ద్యూ స్టేషన్ నుంచి విల్‌ఫ్రాంష్-సుర్-సోన్‌కి ప్రాంతీయ రైల్లో సుమారు అరగంట. అక్కడినుంచి ఆర్స్ పది కిలోమీటర్ల లోపే. చాలామంది ఇబ్బంది పడేది ఈ చివరి ముక్కలోనే: బస్సులు తక్కువ, ఆదివారం వాటిని నమ్ముకోవద్దు. టాక్సీ ముందే మాట్లాడుకోండి, తిరుగు ప్రయాణానికి కూడా.

బస లియాన్‌లో పెట్టుకుంటే సౌకర్యం ఎక్కువే, కానీ ఆర్స్‌కి వచ్చిందే సాయంత్రం కోసం. పగటి యాత్రికులు వెళ్లిపోయాక గుడి దాదాపు మనదే. అందుకే పుణ్యక్షేత్రం దగ్గరి యాత్రికుల వసతి గృహాల్లో కనీసం ఒక రాత్రి ఉండాలి. గదులు సాదాగా ఉంటాయి, భోజనం వేళ తప్పితే దొరకదు. ఆయన పండుగ ఆగస్టు 4 దగ్గర్లో అయితే చాలా ముందుగా రాసి అడగాలి. ప్రశాంతంగా ఆలోచించుకోవాలంటే ఆ వారం వద్దు.

బసిలికాలో (పెద్ద గుడిలో) ఆయన దేహం ఉన్న పేటిక దగ్గర జనం ఎక్కువ ఆగుతారు. మా లెక్కలో అంతకన్నా విలువైనవి రెండున్నాయి: ఆయన రోజుకి పది గంటలకి పైగా పాపసంకీర్తనాలు (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) విన్న పాత గుడి, పక్కనే ఆయన కాపురమున్న ఇల్లు. ఆ ఇంట్లో కాసేపు నిలబడి ఒక సంగతి గుర్తుచేసుకోండి. 1840, 1843, 1853లో ఆయన ఇక్కడినుంచి వెళ్లిపోబోయారు. ఏకాంతంలో తన పాపాల కోసం ఏడవాలని ఆయన ఆశ. అంటే పట్టాభిషేకమై దాదాపు నలభై ఏళ్లైనా "నేను తగను" అనే భావన ఆయన్ని వదల్లేదు. అది పోయాకే దరఖాస్తు పెడతాననుకునేవాళ్లు ఎప్పటికీ పెట్టరు.

పాపసంకీర్తనానికి గురువులు రోజూ ఉంటారు, ఎక్కువమంది మాట్లాడేది ఫ్రెంచి. ఇంగ్లిష్ వచ్చినవారు ఏ వేళకి ఉంటారో కార్యాలయంలో అడగండి. దుబాసీ ద్వారా చెప్పుకోవడానికీ 990వ నియమం ఒప్పుకుంటుంది. ఆ దుబాసీ కూడా రహస్యం కాపాడాల్సిందే. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది: ఒకసారి చెప్పి క్షమాపణ పొందిన పాపాన్నే మళ్లీ ఇంకో గురువు దగ్గర మొదలుపెట్టడం. మనసు ఇలా పదేపదే వెనక్కి లాగుతుంటే దాన్ని అనర్హతకి రుజువుగా తీసుకోకండి. అది అతిశంక. దానికి ఒక్కరే స్థిరమైన ఆత్మ గురువు కావాలి, అవసరమైతే మానసిక వైద్యుడి సాయమూ.

లా లువెస్క్ చాలా దూరం, కొండ దారి, సొంత కారు లేకపోతే కష్టం. లాటిన్ తలకెక్కాలని పునీత జాన్ ఫ్రాన్సిస్ రెజిస్ సమాధి దగ్గర మొక్కుకోవడానికి 1806లో వియాన్నీ గారు అక్కడిదాకా నడిచివెళ్లారు. నాలుగో రోజు మిగిలితేనే అటు పెట్టుకోండి. లియాన్‌లోని ఫూర్వియేర్ బసిలికా అందమైనదే, ఈ పనికి మాత్రం దాన్ని వదిలేసినా నష్టం లేదు. ఆ పూట ఆర్స్‌లో కూర్చుని, మీ పీఠంలో పిలుపుల బాధ్యత చూసే గురువుకి చెప్పాల్సినవన్నీ, చెప్పడానికి సిగ్గుపడేవాటితో సహా, కాగితం మీద రాసుకోండి.