అయిదు చుక్కల మందుకు నాలుగు చుక్కలు

ఆర్టీసీలో ముప్పై ఏళ్ళు కండక్టరుగా చేశాను. ఎన్నింటికి బయల్దేరాం, ఎక్కడ ఎంతసేపు ఆగాం అని రాసుకునే రోగం రిటైరైనా పోలేదు. పొదిలి వైపు మా పల్లెలో బుధవారం వేసే పిల్లల టీకాల గురించి కూడా అలాగే రాస్తున్నా.

అల్లుడు కువైట్‌లో ఉంటాడు, అమ్మాయి మా దగ్గరే. మనవరాలికి ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలన్నీ అంగన్‌వాడీలోనే వేయించాం. పైసా అడగలేదు. ముందురోజే ఆశా ఇంటికొచ్చి చెప్పిపోయేది. తొమ్మిదిన్నరకు రమ్మంటారు గానీ మొదటిసారి టీకాలున్న ఐస్ డబ్బా వచ్చేసరికి పదీ నలభై. వేపచెట్టు కింద పదిహేనుమంది బాలింతలు నిలబడే ఉన్నారు. ఒక బెంచీ లేదు, తాగడానికి నీళ్ళు లేవు. టీకా అయ్యాక అరగంట ఉండమంటారు, ఉండాల్సిందే, కానీ ఎక్కడ కూర్చోవాలి? నేనిచ్చే అయిదు చుక్కల మార్కుల్లో ఒక చుక్క కోసింది దీనికే.

పనిలో మాత్రం వంక పెట్టలేను. సీసా మీద గుండ్రం, దాని మధ్యలో చదరం ఉంటాయి. ఏఎన్ఎం అది నాకు చూపించి, లోపలి చదరం బయటి గుండ్రమంత నల్లబడితే మందు వేడికి పాడైనట్టు, వాడకూడదని చెప్పింది. ముందు నోట్లో రోటా టీకా చుక్కలు అయిదు, తర్వాతే సూదులు. రోటా అంటే పసిపిల్లలకు నీళ్ళ విరేచనాలు తెచ్చే వైరస్. ఏడుపు మొదలయ్యాక పోస్తే సగం ఊసేస్తారు కదా! వాంతులు ఆగకపోయినా, కడుపు ఉబ్బినా, దొడ్డికి రక్తం పడినా వెంటనే పెద్దాసుపత్రికి పొమ్మంది. చాలా అరుదట, అయినా చెప్పింది.

ఈ చుక్కల మీద నాకింత పట్టింపు ఎందుకంటే, 2014 జనవరిలో మా అబ్బాయి కొడుక్కి పది నెలలు. నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయి. పళ్ళొచ్చేటప్పుడు మామూలేనని మా ఆవిడ, దిష్టని మా వదిన. నేను డ్యూటీకి పోయాను. రెండో రాత్రికి కళ్ళు గుంటలు పడ్డాయి, మాడు లోపలికి దిగింది, ఏడిస్తే కన్నీరు లేదు. ఒంగోలు తీసుకెళ్తే నరం దొరక్క మూడుచోట్ల పొడిచారు. నాలుగు రోజులు సెలైను. రోటా కావచ్చన్నారు, పరీక్ష చెయ్యలేదు. అప్పటికి ఈ టీకా ప్రైవేటులో కొనుక్కోగలిగినవాళ్ళకే.

సర్కారు 2016లో ఉచితంగా మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. మాకు వేసింది రోటావ్యాక్, హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారీ. 1980ల్లో ఢిల్లీ ఎయిమ్స్‌లో పసికందుల ఒంట్లో, జబ్బు చెయ్యకుండా ఉన్న వైరస్ నుంచి తీశారట. అదృష్టం అలా కూడా దొరుకుతుంది.

ఇది వేస్తే ఇక విరేచనాలే రావనుకుంటే పొరపాటు. ఏడో నెలలో మా పాపకూ రెండు రోజులు పట్టుకున్నాయి. విరేచనాలకు కారణాలు వేరే బోలెడున్నాయి. ఈసారి నేను ఇంట్లోనే ఉన్నా. తల్లిపాలు మానిపించలేదు, ఓఆర్ఎస్ చెంచాతో పట్టించాం, జింకు బిళ్ళ పద్నాలుగు రోజులు వేశాం. ఆస్పత్రి గడప తొక్కలేదు. ఇది టీకా చలవేనని టికెట్టు కొట్టి ఇవ్వలేను, ఒక్క బిడ్డను చూసి ఏం చెప్తాం! తొమ్మిది రాష్ట్రాల్లో 31 ఆస్పత్రుల్లో చూసిన లెక్క ఉంది. విరేచనాలతో చేరిన అయిదేళ్ళలోపు పిల్లల్లో టీకా రాకముందు 100కి 40 మందికి రోటా ఉండేది, వచ్చాక 20కి దిగింది. రోటాతో ఆస్పత్రి పాలు కాకుండా కాపాడే బలం 54 శాతమని తేల్చారు. సగం పైచిలుకే. అయినా, ఆ నాలుగు రాత్రులు వార్డు వరండాలో పడుకున్నవాణ్ణి, నాకిది తక్కువ లెక్కగా కనబడదు.

మొన్న తొమ్మిదో నెల తట్టు టీకాకు ఇంట్లోంచి మడత కుర్చీ మోసుకెళ్ళా. ఏఎన్ఎం నవ్వి, "తాతా, రెండోది కూడా తేవాల్సింది" అంది. ఐస్ డబ్బా వచ్చిన టైము తొమ్మిదీ యాభై.